చిన్నపిల్లలతో చెన్నైకి మారుతూ సంగీతంలో ఎం.ఏ.: చేరాలా, ఆగాలా?

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 30. బి.కాం. చదివాను, కర్ణాటక గాత్రంలో డిప్లొమా చేశాను. కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు ఎనిమిది మంది ఉన్నారు, అందరూ అమెరికాలో ఉండే మనవాళ్ల పిల్లలే. మావారికి చెన్నైలో పెరుంగుడి ఆఫీసుకి బదిలీ అయింది. నాకు మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇండియన్ మ్యూజిక్ ఎం.ఏ. సీటు వచ్చింది. పాపకి నాలుగేళ్లు, బాబుకి ఏడాదిన్నర. వాడు బడికి వెళ్లేదాకా, అంటే ఇంకో రెండేళ్లు ఆగమని అత్తగారు అంటున్నారు. పాపని ఒక ఏడాది తన దగ్గరే ఉంచుకుంటానని మా అమ్మ అంటోంది. భాష రాని ఊళ్లో ఇద్దరు పిల్లలతో ఈ చదువు నెగ్గుకురాగలనా? తరవాత దీనివల్ల ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఈ ఏడాదే చేరండమ్మా. మీ అత్తగారు చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు, దాని దగ్గరికి వస్తాను. కానీ రెండేళ్లు ఆగితే పని తేలికవుతుందన్నది నిజం కాదు. అప్పటికి పాప ఒకటో తరగతిలో ఉంటుంది, బాబు ఎల్‌కేజీలో ఉంటాడు. ఇద్దరికీ రెండు టైమింగులు, హోంవర్కులు, ప్రాజెక్టు వర్కులు మొదలవుతాయి. ఇప్పుడు మీ పిల్లలకి కావలసింది మీరో, మీవారో, నమ్మకమైన ఇంకో మనిషో పక్కన ఉండడం. ఈ వయసులో దాన్ని ఏర్పాటు చేసుకోవడం కష్టమే గానీ, అయ్యే పనే. పైగా వచ్చిన సీటుని విశ్వవిద్యాలయం మీకోసం అట్టేపెట్టదు, మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎంపిక మొదటినుంచీ చేసుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది చెన్నై కాదు, పిల్లలూ కాదు. ఆ ఎనిమిది మంది అమెరికా విద్యార్థులు.

వాళ్లకి పాఠం ఎప్పుడు చెబుతున్నారో మీరు రాయలేదు. నేను చూసినంతలో ఇలాంటి క్లాసులన్నీ అక్కడి సాయంత్రాల్లోనే ఉంటాయి. డాలస్‌లో సాయంత్రం ఏడున్నర అంటే వేసవిలో మనకి ఉదయం ఆరు. న్యూజెర్సీ వాళ్లయితే ఇంకో గంట ముందు, ఐదు. అంటే ఆకార సాధన (‘ఆ’ అంటూ చేసే గొంతు సాధన) చేసుకోవలసిన ఘడియల్లో మీరు వేరొకరి పిల్లల చేత సరళీ వరసలు, జంట వరసలు పాడిస్తూ ఉంటారు. అదీ మీ శ్రుతిలో కాదు, వాళ్ల శ్రుతిలో. ఏడున్నరకి లాప్‌టాప్ మూసేసరికి గొంతు వాడేశారు, పిల్లలు లేచారు, కుక్కర్ పెట్టాలి. కాకినాడలో ఇలా నెట్టుకొచ్చారంటే, మధ్యాహ్నం అమ్మో అత్తగారో బాబుని ఎత్తుకుంటే ఒక గంట మీకు దొరికి ఉంటుంది. చెన్నైలో ఆ మధ్యాహ్నం మీరు చెపాక్ క్యాంపస్‌లో క్లాసులో ఉంటారు.

ఎం.ఏ. సంగీతంలో థియరీ పేపర్లు మీకు పెద్ద లెక్క కాదు, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చదువుకోవచ్చు. పరీక్ష పెట్టేది ప్రాక్టికల్. రాగాలాపన, నెరవు, కల్పన స్వరాలు, రాగం తానం పల్లవి: అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడే ఈ మనోధర్మ సంగీతం పది నిమిషాల ముక్కలుగా కుదరదు. తోడి రాగం ఎత్తుకుని కాస్త గాంధారం మీద నిలబడేలోపు డోర్‌బెల్ మోగితే మళ్లీ మొదటికొస్తారు. కాబట్టి సాధనని రెండు రకాలుగా విడదీసుకోండి. కొత్త కృతి సాహిత్యం పట్టడం, స్వరం రాసుకోవడం, పాత రికార్డింగులు వినడం, పల్లవిని త్రికాలంలో, అంటే మూడు వేగాల్లో, తాళానికి కూర్చి చూసుకోవడం, ఇవన్నీ ముక్కల్లో అవుతాయి. స్కూల్ వ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడి తొడ మీద తాళం వేసుకుంటూ పల్లవి లెక్క సరిచూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. గొంతు విప్పి మనోధర్మం పాడుకోవడానికి మాత్రం రోజుకి ఒక్క గంట, తెగకుండా, తలుపు వేసుకుని కావాలి. అది ఉదయం ఐదు నుంచి ఆరు. ఆ గంట ఎవరికీ అమ్మకండి.

అలాగని ఎనిమిది మందినీ ఒక్కసారి మానేయమనను. ఆదాయం పోతుందన్న టెన్షన్‌తో ఇంట్లో మాటలు పెరుగుతాయి. ముగ్గుర్నో నలుగుర్నో ఉంచుకుని, వాళ్లని వారాంతానికి మార్చండి. డాలస్‌లో శనివారం ఉదయం తొమ్మిదికి క్లాసు పెడితే వేసవిలో మనకి అదే రోజు రాత్రి ఏడున్నర. ఆ గంటన్నర పిల్లలకి అన్నం పెట్టి పడుకోబెట్టే పని మీవారిది. మిగిలిన పిల్లల్ని మీకు నమ్మకమున్న ఇంకో టీచర్‌కి మీరే పరిచయం చేయండి, తల్లిదండ్రులు గౌరవంగా తీసుకుంటారు. తగ్గే డబ్బు ఎంతో ఇప్పుడే మీవారితో కూర్చుని కాగితం మీద వేసుకోండి. ఇద్దరూ చూసి ఒప్పుకున్న అంకె అయితే ఆరునెలల తరవాత అది గొడవ అవదు.

ఇక ఇల్లు. ఆఫీసు పెరుంగుడి అనగానే చాలామంది ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఇంకా దక్షిణానికి, షోళింగనల్లూరు వైపు అపార్ట్‌మెంట్లు చూస్తారు. స్విమ్మింగ్ పూల్, పిల్లల పార్కు, అన్నీ బాగానే ఉంటాయి. కానీ అక్కడినుంచి రోజూ చెపాక్ రావాలంటే మీ రోజంతా రోడ్డు మీదే తెల్లారుతుంది. చెన్నైలో బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వైపు వెళ్లే ఎంఆర్‌టీఎస్ రైలు ఒకటుంది. అది చెపాక్, మైలాపూర్‌లోని తిరుమయిలై, మందవెళి, ఇందిరా నగర్, తిరువాన్మియూరు, తరమణి, పెరుంగుడి మీదుగా పోతుంది. ఒకే లైను మీద ఒక చివర మీ క్లాసు, ఇంకో చివర మీవారి ఆఫీసు. చెపాక్‌లో దిగితే క్యాంపస్‌కి నడిచే వెళ్లొచ్చు. తిరువాన్మియూరు, ఇందిరా నగర్, మందవెళి ప్రాంతాల్లో, స్టేషన్‌కి నడక దూరంలో చూడండి. అద్దె ఎక్కువే, ఇల్లు చిన్నదే. అయినా ఈ రెండేళ్లకీ అదే సరైన ఇల్లు. కలిసొచ్చే గంటన్నరే మీ సాధన, మీ పిల్లల సాయంత్రం.

ఇల్లు మాట్లాడేటప్పుడు రెండు విషయాలు. తెల్లవారుజామున పాడతానని ఓనర్‌కి ముందే చెప్పండి. పక్కింటి వాళ్ల పడకగదితో గోడ కలవని గది ఒకటి ఉందేమో చూసుకోండి. రెండోది అడ్వాన్సు. చెన్నైలో చాలా నెలల అద్దె ముందుగా అడిగే అలవాటు ఇంకా ఉంది. 2017 నాటి తమిళనాడు అద్దె చట్టం మూడు నెలలకి మించకూడదంటుంది గానీ, ఇద్దరూ ఒప్పుకుంటే ఎక్కువ ఉండొచ్చన్న వెసులుబాటూ అందులోనే ఉంది. కాబట్టి గట్టిగా బేరమాడండి, ఒప్పుకున్నది అగ్రిమెంటులో రాయించండి.

ఇప్పుడు అత్తగారి మాట. ఆవిడ భయం బాబు గురించి, అది నిజమైన భయమే. డేకేర్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి నెలల్లో జలుబు, జ్వరం వస్తూనే ఉంటాయి. మీకేమో హాజరు 75 శాతం ఉండాలి. మీ క్లాసులు, వాడి డేకేర్ ఒకే వారంలో మొదలుపెట్టారంటే మీరు మొదటి నెలలోనే నీరుగారిపోతారు. క్లాసులకి కనీసం మూడు వారాల ముందే చెన్నై చేరండి. మొదటి వారం బాబుని గంటసేపు డేకేర్‌లో ఉంచండి, తరవాత రెండు గంటలు, ఆ తరవాత పూట. వాడికి ఒంట్లో బాగాలేని రోజు ఎవరు ఉండిపోవాలన్నది ఆ పొద్దున కాదు, ఇప్పుడే తేల్చుకోండి. ప్రాక్టికల్ క్లాసు ఉన్న రోజుల్లో మీవారు, లేని రోజుల్లో మీరు. మీవారి ఆఫీసు వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పని ఒప్పుకుంటే, ఆ రోజులు మీ టైమ్‌టేబుల్ చూశాకే ఎంచుకోమనండి.

పాపని కాకినాడలో వదలడం నాకు ఇష్టం లేదు. మీ అమ్మగారు ప్రేమతోనే అన్నారు. కానీ నాలుగేళ్ల పిల్లకి తమ్ముడు మాత్రం అమ్మానాన్నలతో వెళ్లాడు, తను ఉండిపోయిందన్నది బాగా తెలుస్తుంది. మీరూ ప్రతి రాత్రీ వీడియో కాల్ పెట్టేశాక ఏడుస్తూ కూర్చుంటారు, ఆ గొంతుతో పొద్దున్నే ఏం పాడతారు? పాపని పంపే బదులు అమ్మగారినే తెచ్చుకోండి, మొదటి రెండు నెలలకి. కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్క రాత్రి ప్రయాణం. ఆవిడ వెళ్లాక సెమిస్టర్ పరీక్షలప్పుడు అత్తగారు రావచ్చు. ఆగమన్న మనిషినే సాయం అడిగితే ఆవిడా మీ చదువులో భాగమవుతారు.

పాప బడి గురించి ఎక్కువ ఆలోచించకండి. పేరున్న స్కూళ్లలో ఎల్‌కేజీ, యూకేజీ సీట్లు ముందే నిండిపోయి ఉంటాయి. ఇంటికి నడిచి వెళ్లగలిగే చిన్న బడి చాలు. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి, కాబట్టి పాప ఇప్పుడే నాలుగు మాటలు పట్టుకుంటే తనకే మంచిది. మీకన్నా ముందు తనే నేర్చుకుంటుంది. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి.

భాష రాని ఊరు అని రాశారు. సంగీతం వరకు చూస్తే మీరు మీ భాషలోకే వెళ్తున్నారమ్మా. త్యాగరాజ కృతులు, క్షేత్రయ్య పదాలు, చాలా వర్ణాలు, అన్నీ తెలుగే. మీ క్లాసులో చాలామంది వాటిని తమిళ లిపిలోనో, ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసుకుని పాడతారు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోనే అచ్చయింది. ముత్తుస్వామి దీక్షితుల కృతుల మీద పని చేసేవాళ్లెవరైనా దాని దగ్గరికి రావలసిందే. ఆ పుస్తకాన్ని అనువాదం సాయం లేకుండా, గమక చిహ్నాలతో సహా, మూలంలోనే చదవగలగడం మీకు పరిశోధనలో పెద్ద బలం. రెండో ఏడాది డిసర్టేషన్ అంశం ఎంచుకునేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. తెలుగు లిపిలో ఉన్న రాతప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనూ, తంజావూరు సరస్వతీ మహల్‌లోనూ ఉన్నాయి. మొదటి నెలలోనే తోటి విద్యార్థులకి సాహిత్యం అర్థం, పదాల విరుపు చెప్పడం మొదలుపెట్టండి. తేవారం, తిరుప్పుగళ్ లాంటి తమిళ భక్తి గీతాలు పాడవలసి వచ్చినప్పుడు వాళ్లే మీకు తమిళం దిద్దుతారు. తమిళ అక్షరాలు మాత్రం ఇప్పటినుంచే నేర్చుకోండి, బస్సు బోర్డులకీ పనికొస్తాయి.

మీరు ఇప్పటికే నేర్చుకున్న కృతుల్లో సంగతులు (ఒకే పంక్తిని పాడే రకరకాల తీరులు) అక్కడ వేరుగా ఉండొచ్చు. మన వైపు పాఠాంతరం తప్పని అనుకుని మొత్తం మార్చేసుకోకండి. రెండూ రాసిపెట్టుకోండి, పరీక్షకి వాళ్లు చెప్పింది పాడండి. మీ గురువుగారికి విషయం చెప్పి, ఆయన ఆశీర్వాదంతోనే చెన్నైలో ఎవరి దగ్గరైనా చేరండి. వీలైతే వారానికొకసారి ఆన్‌లైన్‌లో పాత పాఠం కొనసాగించండి.

ఉపయోగం సంగతి. సంగీత కళాశాలల్లో పర్మనెంట్ పోస్టుల నోటిఫికేషన్లు అరుదుగా వస్తాయి, ఆ ఆశ ఒక్కదాని మీదే చేరకండి. కానీ మామూలు దారిలో ఈ పీజీ లేకపోతే ఆ తలుపు దగ్గరికే వెళ్లలేరు. 55 శాతం మార్కులతో పీజీ, దానికి తోడు యూజీసీ నెట్ (జాతీయ స్థాయి అధ్యాపక అర్హత పరీక్ష) గానీ, రాష్ట్ర స్థాయి సెట్ గానీ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ వర్గాలకి, దివ్యాంగులకి 50 శాతం చాలు. నెట్‌లో సంగీతం సబ్జెక్టు కోడ్ 16. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు సైకిళ్లలో జరుగుతుంది, పీజీ చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. దాంట్లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పిహెచ్.డి.లో మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఆ తరవాత 42,000. జేఆర్‌ఎఫ్‌కి వయోపరిమితి 30, ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపుతో 35. మీరు ఇప్పుడు చేరితే ఆ గడువులోపు చాలాసార్లు రాయగలరు. రెండేళ్లు ఆగితే ఆ అవకాశాల్లో సగం పోతాయి. ఆగవద్దనడానికి నా దగ్గరున్న అన్నిటికన్నా గట్టి కారణం ఇదే. పిహెచ్.డి.లోకి వెళ్లాక పిల్లల కోసం విరామం కావాలంటే, యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మహిళలకి మొత్తం మీద 240 రోజుల వరకు సెలవు ఇవ్వొచ్చు.

రెండో దారి ఆకాశవాణి ఆడిషన్ చేసి కళాకారులకి ఇచ్చే గ్రేడు. బి గ్రేడుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. యూజీసీ 2018 నిబంధనల్లో ఎ గ్రేడు కళాకారుల్ని అధ్యాపకులుగా తీసుకోవడానికి ప్రత్యేకమైన మార్గం ఉంది. రేడియో ఆడిషన్ అయినా, కచేరీ అయినా మళ్లీ ఆ ఉదయం గంట మీదే ఆధారపడుతుంది.

డిసెంబరు సీజన్‌లో సాయంత్రం పెద్ద కచేరీలకి ఇద్దరు పిల్లలతో వెళ్లాలని ఈ ఏడాది ప్రయత్నించకండి. మధ్యాహ్నాలు చాలా సభల్లో యువ కళాకారుల కచేరీలుంటాయి, ఎక్కువ చోట్ల టికెట్ ఉండదు. మ్యూజిక్ అకాడమీలో ఉదయం పూట లెక్చర్ డెమాన్‌స్ట్రేషన్లు జరుగుతాయి. వారంలో రెండు రోజులు మీవి అని ఇంట్లో ముందే చెప్పుకుని, నోట్‌బుక్‌తో ఒక్కరే వెళ్లండి.

ఈ వారంలో చేయాల్సింది: సీటు ఫీజు గడువులోపు కట్టడం, బి.కాం., డిప్లొమా ఒరిజినల్స్‌తో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్‌కి మీ పాత విశ్వవిద్యాలయంలో దరఖాస్తు పెట్టడం, అమెరికా తల్లిదండ్రులకి టైమింగ్ మార్పు మెయిల్ చేయడం. మైగ్రేషన్ చేతికి రావడానికి సమయం పట్టొచ్చు, ముందు ఆ పని చూడండి.