మిర్చి అడ్తి లెక్కకు లిబ్రేఆఫీస్ బేస్ చాలు

అన్నా, ఎనుమాముల మార్కెట్‌లో మీ అడ్తి లెక్క ఎక్సెల్‌లో ఉందని, ఒకే రైతు ఒక దగ్గర కొమురయ్య, ఇంకో దగ్గర కొంరయ్య అని పడి బాకీ తేలట్లేదని రాశారు. లిబ్రేఆఫీస్ బేస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ పెట్టుకోండి. ఉచితం, కోడింగ్ అక్కర్లేదు. బేస్ నడవడానికి కావాల్సిన జావా అనే సాఫ్ట్‌వేర్ కూడా ఇన్‌స్టాల్ చేయాలి. లిబ్రేఆఫీస్ 64 బిట్ అయితే జావా కూడా 64 బిట్టే ఉండాలి, లేకపోతే టేబుళ్లు తెరుచుకోవు.

రెండు టేబుళ్లు చాలు. 'రైతులు'లో నంబరు, పేరు, ఊరు, ఫోన్. నంబరుకు ఇంటిజర్ (పూర్ణసంఖ్య) రకం, ఆటోవాల్యూ (నంబరు దానంతటదే పడేది) యెస్ పెట్టి, దాన్నే ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తించే గడి) చేయండి. కీ లేని టేబుల్‌లో ఒక్క వరుస కూడా ఎక్కించనివ్వదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఫోన్‌కు టెక్స్ట్ రకమే ఇవ్వండి.

'సరుకు' టేబుల్‌లో చిట్టీ నంబరు (దీనికీ ఆటోవాల్యూ, కీ), రైతు నంబరు, తేదీ, మిర్చి రకం, బస్తాలు, క్వింటాళ్లు, ధర. ఇక్కడి రైతు నంబరు కూడా ఇంటిజరే, కానీ ఆటోవాల్యూ వద్దు. క్వింటాళ్లకు డెసిమల్ (దశాంశ) రకం ఇచ్చి, దశాంశ స్థానాలు 2 చేయండి. అది 0గా వదిలేస్తే 12.40 కాస్తా 12 అవుతుంది, మిగతా 40 కిలోలు గల్లంతే.

తర్వాత టూల్స్, రిలేషన్‌షిప్స్‌లో రెండు రైతు నంబర్లను లాగి కలపండి. వివరాలు ఎక్కించే పేజీని తయారుచేసే ఫామ్ విజార్డ్‌లో రైతులు పైన, సరుకు సబ్‌ఫామ్‌గా (లోపలి ఫామ్‌గా) కింద పెట్టండి. ఇక పేరు ఒక్కసారే రాస్తారు.

మధ్యమధ్యలో మెయిన్ విండోలో సేవ్ కొట్టండి, కరెంటు పోతే ఎక్కించినవి పోతాయి. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి ఎక్కించాలంటే మాత్రం ఇది పనికిరాదు.