కుక్కపిల్ల చనిపోయింది... కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ దగ్గర పల్లె. ఇంట్లోనే బట్టలు కుడతాను. పిల్లలు మారాం చేస్తుంటే గత నవంబరులో నెల్లూరులోని ఒక పెట్ షాపులో లాబ్రడార్ కుక్కపిల్లను 14,000 రూపాయలకు కొన్నాం. 45 రోజుల పిల్ల అని, టీకాలన్నీ అయిపోయాయని చెప్పి బిల్లు, ఒక కార్డు ఇచ్చారు. తెచ్చిన నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి. ఆ రాత్రికే రక్త విరేచనాలు. ఒంగోలులో ఒక ప్రైవేటు పెట్ క్లినిక్‌కు తీసుకెళితే కిట్ టెస్ట్ చేసి పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్లు చేసి 6,200 తీసుకున్నారు. మూడో రోజు తెల్లారేసరికి చనిపోయింది. పొలంలో పూడ్చేశాం. బోర్డు మీద పేరున్న డాక్టర్ గారు ఆ రెండు రోజులూ ఊళ్లోనే లేరని, చూసింది కంపౌండరని తర్వాత తెలిసింది. పోలీసుల దగ్గరికి వెళితే 'కుక్కపిల్లకు కేసేంటమ్మా' అన్నారు. కోపంలో గూగుల్‌లో 'హంతకులు' అని రాశాను. తీయకపోతే పరువునష్టం దావా వేస్తామని క్లినిక్ వాళ్లు ఫోన్ చేశారు. చాలా టెన్షన్‌గా ఉంది. డబ్బు వచ్చినా రాకపోయినా వాళ్లను వదలకూడదని ఉంది. పిల్లలేమో ఇంకో కుక్కపిల్ల కావాలంటున్నారు. మా తమ్ముడు 'సర్కారు ఆస్పత్రికి వెళ్లుంటే కేసు గట్టిగా నిలబడేది' అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ కోపమంతా క్లినిక్ మీద ఉంది. నాకు మాత్రం మీ ఉత్తరం చదవగానే నెల్లూరు షాపు మీదే దృష్టి పోయింది. క్లినిక్‌ను వదిలేయమని కాదు. ఇద్దరి మీదా 'చావుకు కారణం మీరే' అనే ఒకే మాటతో వెళితే రెండు కేసులూ దెబ్బతింటాయి. షాపు మీద 'మీరు అంటించి పంపిన రోగంతోనే చచ్చిపోయింది' అని రాసి, క్లినిక్ మీద 'మీ వైద్యం వల్లే చచ్చిపోయింది' అని రాస్తే మీ కాగితాన్ని వాళ్లు మీ మీదికే తిప్పుతారు. అందుకని ఎవరి మీద ఏ మాట అనాలో ముందు తేల్చుకోవాలి.

షాపు సంగతి చూద్దాం. మన మార్కెట్లో '45 రోజుల పిల్ల' అనేది మంచి మాటగా చలామణీ అవుతోంది. చట్టం ప్రకారం అది తప్పు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 45 రోజులంటే ఆరున్నర వారాలు కూడా కాదు. వయసు మీ బిల్లులో ఉంటే వాళ్ల తప్పును వాళ్లే రాసిచ్చినట్టు. బిల్లులో లేకపోతే కార్డులో పుట్టిన తేదీ ఉందేమో చూడండి. ఆ నియమాలకు అర్థం లేకపోలేదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఈ వయసులో తగ్గుతూ ఉంటుంది. అదే రక్షణ టీకాను పనిచేయనివ్వకుండా అడ్డుపడుతుంది కూడా. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా టీకా మళ్లీ మళ్లీ వేయిస్తారు. కాబట్టి 45 రోజుల పిల్లకు 'టీకాలన్నీ అయిపోయాయి' అనడం ఎలా చూసినా అబద్ధమే.

మీరు పంపిన కార్డు ఫోటో చూశాను. అందులో పార్వో, డిస్టెంపర్, రేబిస్ గడులకు టిక్కులు పెట్టి, కింద ఎవరిదో అర్థంకాని సంతకం ఉంది. నిజంగా టీకా వేస్తే సీసా మీది చిన్న లేబుల్‌ను ఒలిచి కార్డుకు అతికిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టర్ ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు పడతాయి. మీ కార్డులో ఒక్క లేబుల్ లేదు. పైగా రేబిస్ టీకాను మామూలుగా మూడు నెలలు నిండాక వేస్తారు. నెలన్నర పిల్లకు అది కూడా అయిపోయిందని టిక్కు పెట్టారంటే, టీకాల గురించి తెలిసినవాళ్లెవరూ ఆ కార్డు నింపలేదన్నమాట. ఈ కేసులో మీ దగ్గరున్న అన్నిటికంటే బలమైన కాగితం ఇదే. లామినేషన్ చేయించకండి, వెనకాల ఏమీ రాయకండి.

ఇక నాలుగు రోజుల లెక్క. పార్వో వైరస్ ఒంట్లోకి చేరాక సాధారణంగా 3 నుంచి 7 రోజుల్లో జబ్బు బయటపడుతుంది. మీ ఇంట్లో నాలుగో రోజున పడింది. అంటే షాపులోనే అంటుకుని ఉండే అవకాశం ఎక్కువ. దారిలోనో, మీ వీధిలోనో అంటుకుందని వాళ్లు వాదించవచ్చు. కాబట్టి ఈ తేదీలు ఒక్కటే చాలవు. కార్డు, వయసు వీటికి తోడైనప్పుడు బలం వస్తుంది. ఇంకో వాదన కూడా రావచ్చు. 'టీకా వేసిన కొద్ది రోజులకు కిట్ టెస్ట్‌లో జబ్బున్నట్టు గీత పడుతుంది, అది జబ్బు కాదు' అంటారు. అందులో కొంత నిజముంది, టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్సే. కానీ ఆ మాట అనాలంటే టీకా ఏ రోజు, ఏ బ్యాచ్‌ది, ఎవరు వేశారో వాళ్లే చూపించాలి. చూపించగలిగి ఉంటే కార్డులో లేబుల్ ఉండేది కదా!

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం చరాస్తి ఏదైనా 'వస్తువు' కిందికే వస్తుంది. ఇంట్లో పిల్లలా పెంచుకున్నదాన్ని వస్తువు అనడం మీకు కష్టంగానే ఉంటుంది. కానీ ఇక్కడ ఆ మాటే మీకు పనికొస్తుంది. జబ్బుపడ్డ పిల్లను ఆరోగ్యంగా ఉందని, టీకాలు పడ్డాయని చెప్పి అమ్మడం లోపమున్న వస్తువును అమ్మడం, అన్యాయమైన వ్యాపార పద్ధతి రెండూ అవుతుంది. పిల్ల ధర, వైద్యం ఖర్చు, మానసిక క్షోభకు పరిహారం, కేసు ఖర్చులు అడగవచ్చు.

ఇప్పుడు క్లినిక్. రోగి చనిపోయినంత మాత్రాన డాక్టర్ నిర్లక్ష్యం చేసినట్టు కాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అది మనుషుల డాక్టర్ కేసే అయినా పశువైద్యులకూ అదే కొలత వాడతారు. పైగా పార్వోకు సూటిగా వైరస్‌ను చంపే మందు మన క్లినిక్కుల్లో దొరకదు. ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ పెట్టడం, వాంతులు ఆపడం, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం, అంతే. మంచి వైద్యం అందినా కొన్ని పిల్లలు పోతాయి. అందుకని 'మీరే చంపారు' అనే మాట మీద కేసు నడపడం నాకు ఇష్టం లేదు. అలా రాస్తే ఎదుటి వకీలు పని సులువవుతుంది.

వాళ్లను పట్టుకోవాల్సింది వేరేచోట. భారత పశువైద్య మండలి చట్టం 1984లోని 30వ సెక్షన్ చూడండి. రిజిస్టరైన పశువైద్యుడు తప్ప ఇంకెవరూ పశువైద్యం చేయకూడదని అందులో ఉంది. డిప్లొమానో సర్టిఫికెట్టో ఉన్న సహాయకులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే టీకాలు వేయడం, కట్లు కట్టడం లాంటి చిన్న సేవలు చేయవచ్చు. అది కూడా డాక్టర్ పర్యవేక్షణలో, ఆయన చెప్పినట్టు. ఊళ్లో లేని డాక్టర్ పేరు మీద జబ్బు తేల్చడం, ఏ మందు ఎంత ఎక్కించాలో నిర్ణయించడం చిన్న సేవ కాదు. మీరు డబ్బు కట్టింది డాక్టర్ చూస్తారని. వాళ్లు చూపించింది కంపౌండర్‌ను. పిల్ల బతికి ఉన్నా ఇది సేవాలోపమే. కాబట్టి చావుకు కారణం ఎవరన్న తగవులోకి దిగకుండానే క్లినిక్‌ను ఈ మాట మీద నిలబెట్టవచ్చు. అర్హత లేని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యం, వేరే రుజువు అక్కర్లేదని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ హోమియో డాక్టర్ అల్లోపతి మందులిచ్చారు. ఆ తీర్పు మీకు బాగా ఆసరా అవుతుంది. కంపౌండర్ చేసినదానికి బోర్డు మీద పేరున్న డాక్టర్ కూడా జవాబు చెప్పాలి.

డాక్టర్ నిజంగా లేరని ఎలా చూపిస్తారు? మీకు చెప్పిన మనిషి వినియోగదారుల కమిషన్ ముందు ప్రమాణపత్రం ఇస్తారో లేదో అడగండి. ఇవ్వకపోయినా దారి ఉంది. ఫోన్‌పేలో 6,200 ఎవరి పేరు మీద పడిందో స్క్రీన్ చూడండి. ఆ రెండు రోజులూ వాట్సాప్‌లో మీతో మాట్లాడింది ఎవరు, చీటీ మీద చేతిరాత ఎవరిది, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? కేసు షీటు ఇవ్వమని క్లినిక్‌కు ఉత్తరం రాసి, అందినట్టు పోస్టాఫీసు రుజువు దాచుకోండి. ఇవ్వకపోతే తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. రాష్ట్ర పశువైద్య మండలికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, కంపౌండర్ పేరు రిజిస్టర్‌లో ఉందా అని అడగండి. లేదని జవాబొస్తే ఆ ముక్క చాలు. అదే మండలికి డాక్టర్ మీద ఫిర్యాదు కూడా చేయవచ్చు. పశువైద్యుల వృత్తి ప్రవర్తనకు 1992 నుంచి నియమావళి ఉంది. అయితే మండలి చర్య తీసుకుంటుందే తప్ప మీకు డబ్బు ఇప్పించదు.

శవాన్ని పూడ్చేశారని బెంగ వద్దు. పోస్టుమార్టం ఉంటే బాగుండేది, నిజమే. కానీ మీ ఫోన్‌లో కిట్ టెస్ట్ ఫోటో ఉంది, వాంతుల వీడియో ఉంది. ఇప్పుడు తవ్వించి తీసినా ఉపయోగం ఉండదు. ఆ ఫోన్ మార్చకండి, ఫోటోలు ఇంకోచోట కూడా దాచండి. కార్డు, చీటీలు, ఫోటోలు ఇంకో రిజిస్టరైన పశువైద్యుడికి చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకుంటే మంచిది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో హైదరాబాద్‌కు చెందిన కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, ఉంటే పని తేలికవుతుంది.

పోలీసుల మాట తీరు బాగాలేదు కానీ చట్టం వాళ్లవైపే ఉంది. భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం తీసే 106వ సెక్షన్ మనుషులకే. జంతువును చంపితే 325వ సెక్షన్ ఉంది, అయిదేళ్ల దాకా శిక్ష, కానీ అది నష్టం చేయాలని లేదా జరుగుతుందని తెలిసి చేసినవాళ్ల మీద. మీ క్లినిక్‌కు అతకదు. కంపౌండర్ తాను డాక్టర్‌నని చెప్పుకుని డబ్బు తీసుకున్నట్టు తేలితే అప్పుడు మోసం కింద ఫిర్యాదు ఆలోచిద్దాం.

మీ తమ్ముడి మాట తిరగేసి చెప్పాలి. ఉచితంగా అందే సేవ వినియోగదారుల చట్టంలో 'సేవ' కిందికి రాదు. అందరికీ ఉచితంగా చూసే సర్కారు పశువుల ఆస్పత్రి మీద ఈ కేసు నిలబడదు. మీరు డబ్బు కట్టారు కనుకే నిలబడుతోంది. (ఈ చట్టం నుంచి మా వకీళ్లను సుప్రీంకోర్టు 2024లో బయటికి తప్పించింది. డాక్టర్లు ఇప్పటికీ లోపలే ఉన్నారు. వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటే కాదనలేను.)

గూగుల్‌లో రాసినదాన్ని ఈ రోజే మార్చండి. 'హంతకులు' అనే మాటను నిరూపించలేరు. '...తేదీన మా కుక్కపిల్లను తీసుకెళ్లాం, డాక్టర్ లేరు, కంపౌండర్ చూశారు, 6,200 తీసుకున్నారు' అని జరిగింది జరిగినట్టు రాయండి. ప్రజలకు మేలు చేసే నిజం చెప్పడం పరువునష్టం కాదని న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. పాత రాతకు, వాళ్ల ఫోన్ కాల్‌కు స్క్రీన్‌షాట్లు దాచుకోండి. మళ్లీ ఫోన్ వస్తే వాదన పెట్టుకోకుండా, ఏదున్నా రాతలో పంపమనండి.

కేసు కోసం నెల్లూరు తిరగాల్సిన పని లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేయవచ్చని 2019 చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి షాపు నెల్లూరుదైనా ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కట్టిన డబ్బు 5 లక్షల లోపు కనుక కమిషన్‌కు రుసుము లేదు. నా సలహా రెండు వేర్వేరు ఫిర్యాదులు. షాపు మీద మొదట, క్లినిక్ మీద తర్వాత. ముందుగా ఇద్దరికీ 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. చట్టం అడగకపోయినా, చాలా షాపులు నోటీసు అందగానే బేరానికి వస్తాయి. పిల్ల ధర, వైద్యం ఖర్చు రెండూ ఇస్తామంటే ఒప్పుకోవడం తెలివైన పని. ఇంకో కుక్కపిల్లను ఇస్తామంటే మాత్రం వద్దనండి. అదే షాపు, అదే రోగం. పైగా పార్వో వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది. పిల్లలు ఎంత అడిగినా, ఇంటిని బ్లీచింగ్ నీళ్లతో ఎలా కడగాలో, ఎంతకాలం ఆగాలో పశువైద్యుడిని అడిగి, ఆ తర్వాతే ఇంకో పిల్లను తెచ్చుకోండి.

వకీలును పెట్టుకోవాలన్న రూలు లేదు, మీరే వాదించుకోవచ్చు. కావాలంటే ఒంగోలులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఎదుటివాళ్లకు జవాబుకు 30 రోజులు, ఎక్కువలో ఎక్కువ ఇంకో 15 రోజులు ఉంటుంది. మూడు నుంచి అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది కానీ అంత త్వరగా తేలుతుందని నేను మాట ఇవ్వను. గడువు మాత్రం గుర్తుంచుకోండి. జరిగిన రోజు నుంచి రెండేళ్లు. గత నవంబరు అన్నారు కాబట్టి సమయం బాగానే ఉంది. అయినా నోటీసులు ఈ నెలలోనే పంపండి.