యూదుల బడిలో థ్యాంక్స్‌గివింగ్: చిన్నపిల్లలతో ఎలా చేయించాలి

అమ్మాయీ,

మూడు నాలుగేళ్ల పిల్లల తరగతి నీకిచ్చారు కాబట్టి ముందు క్యాలెండరు చూసుకో. థ్యాంక్స్‌గివింగ్, అంటే అమెరికాలో కృతజ్ఞత చెప్పుకునే పండగ, నవంబరు నాలుగో గురువారం వస్తుంది. ఆ రోజూ మర్నాడూ సెలవు, బుధవారం సగం మంది రారు. అందుకని పనంతా ముందు రెండు వారాల్లోనే పెట్టుకుని, పండగకు ముందొచ్చే శుక్రవారం షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం) వేడుకతో ముగించు.

పిల్లలకు పట్టుబడాల్సింది హకారత్ హతోవ్, అంటే మనకు ఒకరు చేసిన మేలును గుర్తించడం. "నీకు దేనికి థ్యాంక్స్ చెప్పాలనుంది?" అని అడిగావో, మొదటివాడు ఐప్యాడ్ అంటాడు, తక్కినవాళ్లూ అదే పాట. "పొద్దున నీ బూట్లు ఎవరు తొడిగారు?" అని అడుగు, మనిషి పేరు వస్తుంది. పొద్దున లేవగానే చెప్పుకునే 'మోదె అని' అనే ప్రార్థన పాట బడిలో అవగానే రోజుకు ఇద్దర్నో ముగ్గుర్నో అడిగితే చాలు. అందర్నీ ఒకే రోజు కూర్చోబెడితే ఐదోవాడి దగ్గరికి వచ్చేసరికి గోల మొదలవుతుంది. వాళ్లు అన్నది అన్నట్టే రాయి, దిద్దకు.

ఆ థ్యాంక్స్ చేతికి అందేలా హల్లా, అంటే షబ్బాత్‌కు చేసే జడ రొట్టె చేయించు. పన్నెండు మందికి అరకిలో మైదా, 7 గ్రాముల ఈస్టు, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు, రెండు గుడ్లు, పావు కప్పు చొప్పున చక్కెర, నూనె, ఒక టీస్పూను ఉప్పు. ప్రతి గుడ్డూ విడిగా గాజుగ్లాసులో కొట్టి చూడు, నెత్తుటి చుక్క ఉంటే పారేయాలి, రక్తం తినకూడదని మన నియమం. నీళ్లు మరీ వేడైతే ఈస్టు చచ్చి పిండి పొంగదు. గంటన్నర పొంగనిచ్చి తలా ఒక ముద్ద ఇవ్వు. మూడు పాయల జడ ఈ వయసుకు కుదరదు, ఒక తాడులా చేసి ముడి వేస్తే సరి. అరగంట ఆగి 350 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పదిహేను, పద్దెనిమిది నిమిషాలు కాల్చు. ఒక్కొక్కటి బడి ఊడ్చే ఆయనకూ వంటావిడకూ పిల్లలే పట్టుకెళ్లి ఇవ్వాలి.

ఇంటి నుంచి వంటకాలు తెమ్మనకు, కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) వంటగదితో చిక్కు. టర్కీ కోడి మాంసం పెడుతుంటే వెన్న, క్రీమ్ ఆ భోజనంలోకి రాకూడదు, మాంసమూ పాలూ కలపకూడదు కదా. గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకానికి కొబ్బరిపాలు వాడుకోవచ్చు.

పొలం మూల కోయకుండా పేదలకు వదలాలని మన ధర్మగ్రంథం తోరాలోని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. ఇసుక ట్రేలో పుల్లలు గుచ్చించి కోయించు, ఒక మూల పక్క తరగతికి వదిలించు. అన్నీ పీకేసేవాడు ఒకడుంటాడు. తిట్టకు, మళ్లీ గుచ్చమను.

కాగితపు ఈకల కిరీటాలు మాత్రం వద్దు. ఈ పండగకు మూలమని చెప్పుకునే 1621 విందులో ఇంగ్లండు వలసదారులతో పాటు ఉన్న వాంపనోగ్ అనే అమెరికా మూలవాసులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లది వేషం కాదు. మన కోతల పండగ సుక్కోత్ నుంచే ఈ పండగ పుట్టిందని కూడా చెప్పకు, దానికి ఆధారం లేదు. ఇది మన పండగేనా అని తల్లిదండ్రులు అడిగితే, 1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ కృతజ్ఞతా దినంగా ప్రకటించిన రోజున న్యూయార్క్‌లోని షియరిత్ ఇజ్రాయెల్ అనే యూదు ప్రార్థనా సమాజంలో దాని మతపెద్ద గెర్షోమ్ మెండిస్ సేషస్ ప్రసంగించాడని చెప్పు. కొన్ని ఇళ్లలో జరుపుకోరు, వాళ్లను బలవంతపెట్టకు.

త్సెదాకా, అంటే దానధర్మం కోసం ఆహార డబ్బాలు సేకరిస్తే, గడువు తేదీ, కోషర్ ముద్ర చూసుకో. పెట్టెలు సగమే నింపు, మోయాల్సింది పిల్లలు.