కారు కొంటున్న మేనకోడలికి

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

శాన్ హోసేలో ఉద్యోగం వచ్చిందనీ, కారు కొంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉందమ్మా. స్కూటర్ వెనక కూర్చుని నా చొక్కా గట్టిగా పట్టుకునే పిల్లవి, ఇప్పుడు ఫ్రీవే ఎక్కుతానంటున్నావు. ఆ రాత్రి మాత్రం నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

సీటు బెల్టు, ఇన్సూరెన్స్, స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగడం నీకు తెలిసినవే. కాలిఫోర్నియాలో స్థిరపడ్డ 10 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి, వాయిదా వేయకు.

ట్రాఫిక్ తప్పుకి పోలీసు టికెట్ రాస్తే, అది జన్మంతా డ్రైవింగ్ రికార్డులో ఉండిపోతుందా అని అడిగావట. ఉండదు. ఇక్కడ తప్పుని బట్టి రికార్డులో పాయింట్లు వేస్తారు. స్పీడింగ్, రెడ్ లైట్ లాంటి ఒక పాయింటు తప్పులు సుమారు మూడేళ్ళు కనిపిస్తాయి. తాగి నడిపితే పదేళ్ళు. 12 నెలల్లో నాలుగు పాయింట్లు పడితే లైసెన్సుకే ఎసరు. మామూలు టికెట్ అయితే ట్రాఫిక్ స్కూల్ అనే డ్రైవింగ్ క్లాసు చేయొచ్చు. జరిమానా కట్టాల్సిందే కానీ, ఆ పాయింటు ఇన్సూరెన్స్ వాళ్ళకి కనబడదు. ఆ అవకాశం 18 నెలలకి ఒక్కసారే. దాన్ని వదులుకోకు, ఇక్కడ మంచి డ్రైవర్‌కి ప్రీమియంలో కనీసం 20 శాతం తగ్గించాలని చట్టమే ఉంది.

పోలీసు ఆపితే మన ఊళ్ళోలా కారు దిగి ఎదురెళ్ళకు. కుడి పక్కకి ఆపి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చో. టికెట్ మీద సంతకం పెట్టమంటే పెట్టు. అది తప్పు ఒప్పుకోవడం కాదు, కోర్టుకి జవాబిస్తానన్న మాట మాత్రమే.

నా భయమంతా ఆ మాట దగ్గరే. కొత్తలో నాతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న కుర్రాడికి లాస్ ఏంజెలెస్ వెళ్తుంటే ఐ-5 ఫ్రీవే మీద స్పీడింగ్ టికెట్ పడింది. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు. భయంతో ఆ కాగితం మడిచి గ్లవ్ బాక్స్‌లో పెట్టేశాడు. తర్వాత ఇల్లు మారాడు, లైసెన్సులిచ్చే ఆఫీసు డీఎంవీలో అడ్రస్ మార్చలేదు. కోర్టు నోటీసు పాత ఇంటికి పోయింది. వాయిదాకి వెళ్ళలేదని లైసెన్సు సస్పెండ్ చేశారు, ఆ సంగతి వాడికి తెలియనే లేదు. కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి బ్రేక్ లైటు వెలగడం లేదని ఆపారు. కంప్యూటర్‌లో చూసి కారు అక్కడికక్కడే టో చేసి పట్టుకుపోయారు. నేను వెళ్ళేసరికి పేవ్‌మెంట్ మీద బియ్యం బస్తా, పాల డబ్బా, మధ్యలో వాడు. ఏడుస్తున్నాడు. చిన్న జరిమానాతో పోయేది క్రిమినల్ కేసయింది. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి కావాల్సిన వీసా స్టాంపింగ్‌కి కోర్టు కాగితాలు తెమ్మన్నారు. అవి చేతికొచ్చేసరికి చెల్లెలి పెళ్ళి ముహూర్తం దాటిపోయింది. ఫోన్‌లో తలంబ్రాల సందడి వింటూ కూర్చున్నాడు.

2023 నుంచి కోర్టుకి రాలేదని లైసెన్సు సస్పెండ్ చేయడం ఆపేశారులే. కానీ కేసు అలాగే ఉంటుంది, జరిమానా పెరుగుతుంది. అందుకే ఇల్లు మారిన 10 రోజుల్లో డీఎంవీకి కొత్త అడ్రస్ చెప్పు. వచ్చిన ప్రతి కవరూ ఆ రోజే విప్పు.

ఇంకొక్కటి. నువ్వు తాగవని తెలుసు, అయినా చెబుతాను, కోప్పడకు. పార్టీలో ఒక్క గుక్క తాగినా స్టీరింగ్ ముట్టుకోకు. వీసా మీద ఉన్నవాళ్ళు తాగి నడిపి అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేయగలరు. ఆ రాత్రి ఎంత ఆలస్యమైనా నాకు ఫోన్ చెయ్యి. ఫ్రీమాంట్ నుంచి నీ దగ్గరికి ఎంతసేపని! ఒక్క మాట కూడా అనను.

ఏడాదికోసారి డీఎంవీ వెబ్‌సైట్‌లో రెండు డాలర్లు కట్టి నీ రికార్డు చూసుకో. శనివారం పొద్దున్నే వచ్చేయ్, ఖాళీగా ఉన్నప్పుడు 680 ఫ్రీవే మీద మెర్జ్ అవడం, అంటే పరుగెత్తే కార్ల వరసలో కలవడం నేర్పిస్తాను. అత్త పెసరట్లు వేస్తానంది. కారు కాగితాలన్నీ తెచ్చుకో, ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి చూస్తాను.

మావయ్య