భ్రమణానికి 24 గంటలా, 23 గంటల 56 నిమిషాలా?

సందేహం: భూమి ఒక్కసారి భ్రమణం చేయడానికి 24 గంటలు పడుతుందని చదువుకున్నాం. ఈమధ్య ఒక వ్యాసంలో 23 గంటల 56 నిమిషాలని చూశాను. ఆ కాలాన్ని ఒకచోట ‘నక్షత్ర దినం’ అనీ, ఇంకోచోట ‘నాక్షత్ర దినం’ అనీ రాశారు. ఏ లెక్క సరైనది, ఏ మాట సరైనది?

సమాధానం: మాట సంగతి తేలికే. సూర్యుడికి చెందినది సౌరం, చంద్రుడికి చెందినది చాంద్రం అయినట్టే నక్షత్రానికి చెందినది నాక్షత్రం. నక్షత్రాన్ని బట్టి లెక్కించే దినం అని సమాసం చేసుకుంటే నక్షత్ర దినం. రెండూ ఒప్పే. ‘సౌర దినం’ పక్కన మాత్రం ‘నాక్షత్ర దినం’ అంటేనే నా చెవికి జత కుదురుతుంది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణం. సూర్యుడి చుట్టూ తిరగడం పరిభ్రమణం. ‘పరి’ అంటేనే చుట్టూ. ఒక భ్రమణానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఈలోగా భూమి తన కక్ష్యలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరిగిపోతుంది. సూర్యుడు మళ్లీ నిన్నటి మధ్యాహ్నపు దిక్కుకు రావాలంటే భూమి ఆ ఒక్క డిగ్రీ కూడా తిరగాలి. దానికి ఇంకో 4 నిమిషాలు. అలా సగటున 24 గంటలు అవుతాయి.

మేడ మీద ఒకేచోట నిలబడి చూడండి. ఈ రాత్రి 8 గంటలకు పిట్టగోడ మీదుగా తొంగిచూసిన నక్షత్రం రేపు 7 గంటల 56 నిమిషాలకే వచ్చేస్తుంది. పదిహేను రోజులకు గంట ముందే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఒక చుట్టు అదనం: సుమారు 365 రోజుల్లో 366 భ్రమణాలు.

కాబట్టి ‘రోజుకు 24 గంటలు’ అనడం ఒప్పు, ‘భ్రమణానికి 24 గంటలు’ అనడం స్థూలమైన మాట. రోజును కొలిచేది సూర్యుడు. తెలుగులో ‘పొద్దు’ చూడండి: ‘పొద్దు పొడిచింది’ అంటే సూర్యుడు, ‘పొద్దుపోవడం లేదు’ అంటే కాలం. సూర్యుణ్నీ కాలాన్నీ ఒకే మాటలో పెట్టుకున్న భాష మనది!

సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా లెక్కించే దినానికి మన జ్యోతిశ్శాస్త్రంలో సావన దినమని పేరు. సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన ఖగోళ గ్రంథం లెక్కలో ఒక మహాయుగానికి (నాలుగు యుగాలు కలిపి) నాక్షత్ర దినాలు 158,22,37,828, సావన దినాలు 157,79,17,828. తీసివేసి చూడండి, సరిగ్గా 43,20,000 వస్తుంది. మహాయుగంలో ఉండే సంవత్సరాలు కూడా అన్నే.