ఆ ఎర్ర లింకు నీలంగా మారాలంటే

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. మూడు రాత్రులు కూర్చుని వికీపీడియాలో ఒక మహిళా శాస్త్రవేత్త మీద రాసిన వ్యాసానికి తొలగింపు మూస (తీసెయ్యాలనే నోటీసు) తగిలించారని తెగ బాధపడుతున్నావు. నా మొదటి వ్యాసానికీ అదే గతి పట్టిందిలే. ఆడవాళ్లంటే చిన్నచూపని రెండు రోజులు గొణుక్కున్నాను. కోపం తగ్గాక చూసుకుంటే, నేనిచ్చిన మూలాలు రెండే: నేను ఎవరి గురించి రాశానో ఆవిడ పనిచేసిన సంస్థ వెబ్‌సైటు, ఆవిడే ఇచ్చిన ఇంటర్వ్యూ. తప్పు నాదే.

చిన్నచూపు లేదని కాదు. కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ మీద ఎవరో రాసిన చిత్తుప్రతిని 2018 మే నెలలో ఇంగ్లిష్ వికీపీడియాలో తిప్పి పంపారు, మూలాలు చాలవని. అక్టోబరులో ఆవిడకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అప్పటిదాకా పేజీ లేదు. 1985లో ఆవిడతో కలిసి ఆ నోబెల్ తెచ్చిన లేజర్ పేపరు రాసి, బహుమతినీ పంచుకున్న జెరార్ మూరూకి మాత్రం ఎప్పటినుంచో ఉంది. పత్రికలు పట్టించుకోని మనిషి వికీలోకీ రాలేదు, అదీ చిక్కు.

కాబట్టి మూలాలు చేతికి రాకుండా ఒక్క వాక్యమూ రాయకు. నువ్వు ఎవరి మీద రాస్తున్నావో ఆవిడతో సంబంధం లేనివాళ్లు, ఆవిడ గురించి కాస్త వివరంగా రాసినవి కనీసం మూడు కావాలి. సంస్మరణ వ్యాసాలు, పుస్తక సమీక్షలు, ఆ రంగం చరిత్ర మీద వచ్చిన పుస్తకాలు తిరగెయ్. అన్నిటికన్నా ముఖ్యం, పెళ్లికి ముందు పేరుతో వెతుకు. ఒక వృక్షశాస్త్రవేత్త గురించి నెలరోజులు వెతికి, ఏమీ దొరక్క వదిలేద్దామనుకున్నాను. పుట్టింటి పేరు పొడి అక్షరాలతో కొడితే నాలుగు సమీక్షలు బయటపడ్డాయి. వాటిలో ఒక సమీక్షకుడు ఆవిణ్ణి మగాడనుకుని "ఆయన" అని రాశాడు కూడా!

ఇక నీ మొదటి వాక్యం: "ప్రముఖ శాస్త్రవేత్త సతీమణి, ఇద్దరు పిల్లల తల్లి అయిన ఈమె..." దాన్ని వ్యక్తిగత జీవితం విభాగంలోకి తోసెయ్. ఏ ఏడాది ఏం కనిపెట్టింది, అది మొదటి వాక్యం. "మహిళ అయినప్పటికీ" ఎక్కడుంటే అక్కడ కొట్టెయ్. "అసమాన ప్రతిభాశాలి" కూడా పోవాలి. పొగడ్త కనబడితే చదివేవాళ్లకి ప్రచారం అన్న అనుమానం వస్తుంది. అదే అనుమానం వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ల మీద, మీ మేడమ్ మీద మాత్రం రాయకు.

పేజీ నిలబడ్డాక అనాథగా వదిలెయ్యొద్దు. ఆ ఆవిష్కరణ పేజీలో, అవార్డు జాబితాలో ఆవిడ పేరు చేర్చి లింకు ఇవ్వు. చాలామంది ఈ పని మర్చిపోతారు. ఇంకా పేజీ లేని పేరుకి ఇచ్చిన లింకు వికీలో ఎర్రగా ఉంటుంది, పేజీ వస్తే నీలమవుతుంది. ఆడవాళ్ల ఎర్ర లింకుల్ని నీలంగా మార్చడానికే 2015లో "విమెన్ ఇన్ రెడ్" అనే వికీ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అప్పుడు ఇంగ్లిష్ వికీ జీవితచరిత్రల్లో ఆడవాళ్లవి నూటికి 15 చిల్లర. ఇన్నేళ్లకి 20 దగ్గరికొచ్చింది. అంత నిదానం ఈ పని.

తొలగింపు చర్చ మామూలుగా వారం నడుస్తుంది, కాబట్టి టెన్షన్ పడకు. అక్కడ వాదించకుండా కొత్త మూలాలు పెట్టు. ఇంతకీ ఆవిడ పెళ్లికి ముందు పేరేమిటో కనుక్కున్నావా?

నీ పిన్ని