‘ఇనాక్యువస్’ అంటే అమాయకమా, నిరపాయమా?

సందేహం: ‘ఇనాక్యువస్’ అనే ఇంగ్లీషు విశేషణానికి నిఘంటువులో ‘హాని చేయని, నిరపాయకరమైన’ అనే అర్థాలు ఉన్నాయి. మా నాన్నగారిని గురించి రాసిన వ్యాసంలో ‘మై ఫాదర్ ఈజ్ యాన్ ఇనాక్యువస్ మ్యాన్’ అని రాస్తే మా ఉపన్యాసకులు ఆ మాటను కొట్టివేశారు. ‘సీమింగ్లీ ఇనాక్యువస్ క్వశ్చన్’ అనే ప్రయోగాన్ని ఒక అనువాదంలో ‘అమాయకంగా కనిపించే ప్రశ్న’ అని చూశాను. అది సరైనదేనా? ఈ మాటను మామూలు వాక్యాలలో ఎలా వాడాలి? – ఒక డిగ్రీ విద్యార్థిని, కావలి

సమాధానం: మీ ఉపన్యాసకులు ఆ మాటను కొట్టివేయడం న్యాయమే. మీ మనసులో ఉన్నది ‘మా నాన్న ఒకరి జోలికి పోయే మనిషి కాదు’ అన్న మాట అయి ఉంటుంది. మన వైపు అది పెద్ద మెప్పుకోలు. ఆ భావాన్నే ‘హాని చేయనివాడు’ అని మార్చుకొని, దానికి నిఘంటువులో దొరికిన ఇంగ్లీషు మాటను పెట్టేసరికి ‘ఆయన ఉన్నా లేనట్టే, ఆయన వల్ల అయ్యేదీ లేదు పోయేదీ లేదు’ అనే చులకన వచ్చి పడింది. ‘ఇనాక్యువస్’ ప్రధానంగా వస్తువులకు, మాటలకు, చేష్టలకు చెల్లే విశేషణం. మనిషికి అంటగడితే పసలేనివాడన్న ధ్వని వస్తుంది. నాన్నగారికి ‘జెంటిల్’ అన్న చిన్న మాట చాలు.

వస్తువుల విషయంలో చిక్కేమీ లేదు. మన తీరంలో రొయ్యల చెరువులను తుడిచిపెట్టే తెల్లమచ్చల వైరస్ మనుషులకు సోకదు. ఆ సంగతి చెప్పడానికి ‘ది వైరస్ ఈజ్ డెడ్లీ టు ష్రింప్ బట్ ఇనాక్యువస్ టు హ్యూమన్ బీయింగ్స్’ అని రాయవచ్చు. ఎవరికి హాని లేదో చెప్పే పదానికి ముందు ‘టు’ రావడం గమనించండి. తెలుగులోని ‘కు’ ప్రత్యయం చేసే పనే అది. వరిమడిలో కనిపించే నీరుకట్టు పాము కూడా ఇనాక్యువస్సే. ఈ రెండు చోట్లా తెలుగులో ‘నిరపాయమైన’ అన్నా, ‘హాని లేని’ అన్నా సరిపోతుంది. విషం లేని పాము అంటే ఇంకా సూటిగా ఉంటుంది.

మాటల విషయానికి వచ్చేసరికి ఈ విశేషణం స్వభావం బయటపడుతుంది. హాని ఉంటుందేమో అన్న ఊహ ఎక్కడో ఒకచోట మెదిలితే తప్ప ఇంగ్లీషువారు దీన్ని వాడరు. గుడ్డిగవ్వంత అనుమానం లేనిచోట, ఉదాహరణకు మంచినీళ్ళ గ్లాసును, ఎవరూ ఇనాక్యువస్ అనరు. అందుకే దీని ముందు ‘సీమింగ్లీ’, ‘అప్పారెంట్లీ’ వంటి క్రియావిశేషణాలు తరచుగా వచ్చి కూర్చుంటాయి. పైకి ఏమీ లేనట్టు ఉంది కాని లోపల ఏదో ఉంది అని పాఠకుణ్ణి ముందుగానే హెచ్చరిస్తాయి. కావలి నుంచి నెల్లూరు వెళ్ళే బస్సులో పక్కసీటు పెద్దాయన ‘ఏ ఊరు పాపా మీది?’ అని అడుగుతాడు. ఊరు చెబితే ‘ఆ ఊళ్ళో ఎవురమ్మాయివి?’ అంటాడు, అదీ చెబితే ‘ఇంటిపేరేంది?’ అంటాడు. మూడో జవాబు అందేసరికి ఆయనకు కావలసిన కులం సంగతి ఆయనకు తెలిసిపోతుంది. ఆ మొదటి ప్రశ్న ఉన్నదే, అది అచ్చమైన ‘సీమింగ్లీ ఇనాక్యువస్ క్వశ్చన్’. ‘ఇట్ బిగాన్ విత్ యాన్ ఇనాక్యువస్ క్వశ్చన్ అబౌట్ మై విలేజ్’ అని మీరు కథ మొదలుపెడితే, తరువాత ఏదో జరగబోతున్నదని చదివేవారు సర్దుకొని కూర్చుంటారు. క్రికెట్ వ్యాఖ్యాతలు ‘ఇనాక్యువస్ డెలివరీ’ అనేది కూడా ఎక్కువగా వికెట్ పడిన తరువాతనే.

ఇక ‘అమాయకంగా కనిపించే ప్రశ్న’ సంగతి. దీన్ని నేను ఒప్పుకోను. ‘అమాయక’ అనేది అడిగినవాడి మనసును గురించి చెప్పే మాట. మాయ తెలియనివాడు, కపటం లేనివాడు అమాయకుడు. ఇంగ్లీషులో దానికి ‘ఇన్నొసెంట్’ ఉన్నది. ‘ఇనాక్యువస్’ చూసేది మనసును కాదు, ఫలితాన్ని. ఒకరు ఏ కల్మషమూ లేకుండా అన్న మాట పెళ్ళి సంబంధాన్నే చెడగొట్టవచ్చు. మరొకరు కడుపులో కుళ్ళు పెట్టుకొని అన్న మాట ఎవరికీ తగలకుండా గాలికి పోవచ్చు. మొదటిది ఇన్నొసెంట్ కాని ఇనాక్యువస్ కాదు, రెండవది ఇనాక్యువస్ కాని ఇన్నొసెంట్ కాదు. విచిత్రమేమంటే రెండింటికీ మూలం ఒక్కటే. హాని చేయడమని అర్థం ఉన్న ‘నొకేరె’ అనే లాటిన్ ధాతువు నుంచి రెండూ వచ్చాయి. ‘న్యూసెన్స్’ కూడా ఫ్రెంచి మీదుగా అక్కడి నుంచే వచ్చింది. ఆ లాటిన్ ధాతువుకూ మన ‘నాశనం’లోని సంస్కృత ‘నశ్’ ధాతువుకూ చుట్టరికం ఉన్నదని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించారు.

అనువాదంలో ఆ ప్రశ్నను ‘పైకి మామూలుగా కనిపించే ప్రశ్న’ అంటే సరిపోయేది. క్రికెట్ బంతికైతే ‘సాదాసీదా’ చక్కగా అతుకుతుంది. ఒక ప్రకటననో లేఖనో గురించి చెప్పవలసి వస్తే ‘ఆక్షేపించడానికి ఏమీ లేని’ అనవచ్చు. అన్నింటికీ ఒకే మాట కావాలని పట్టుబట్టడం వల్లనే ‘నిరపాయకరమైన వ్యాఖ్య’ వంటి కొయ్యబారిన తెలుగు పుడుతున్నది.

‘నిరపాయకరం’ అనే రూపాన్ని గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. అపాయాన్ని కలిగించేది అపాయకరం, బాగానే ఉన్నది. అపాయం లేనిది నిరపాయం; బహువ్రీహి సమాసం కనుక విశేషణంగా అదే చాలు. దానికి మళ్ళీ ‘కరం’ తగిలిస్తే ‘అపాయం లేనిదాన్ని కలిగించేది’ అని అన్వయించుకోవలసి వస్తుంది. ‘నిర్దోషుడు’ అన్నది చాలినా ‘నిర్దోషి’ అనీ, ‘నిరపరాధుడు’ చాలినా ‘నిరపరాధి’ అనీ అంటున్నాము. బహువ్రీహితోనే పని జరిగేటప్పుడు అదనపు ప్రత్యయం అక్కరలేదని సంస్కృత వైయాకరణులు అంటారు. నిర్దోషి, నిరపరాధి తెలుగులో పాతుకుపోయాయి కనుక వాటిని ఇప్పుడు పెరకనక్కరలేదు. ‘నిరపాయకరం’ పత్రికలలో విరివిగానే కనిపిస్తున్నా, పొట్టిగా, శుద్ధంగా ‘నిరపాయం’ సిద్ధంగా ఉండగా దాన్ని మోయవలసిన అవసరం నాకు కనిపించదు.

చివరగా వర్ణక్రమం. ఈ మాటలో ‘ఎన్’ రెండుసార్లు వస్తుంది, ఎందుకంటే ‘లేదు’ అనే ‘ఇన్’ ఉపసర్గ, ‘నొక్’ ధాతువు పక్కపక్కన చేరాయి. పలకడంలో మాత్రం ద్విత్వం లేదు. ‘నాక్’ మీద ఊనిక పెట్టి ‘ఇనాక్యువస్’ అనాలి. టీకా వేయడమనే అర్థంలో వాడే ‘ఇనాక్యులేట్’కు దీనితో ఏ సంబంధమూ లేదు. అది కన్ను అని అర్థం ఉన్న ‘ఒకులుస్’ నుంచి వచ్చింది. బత్తాయి మొక్కలకు ఒకదాని కన్ను తీసి మరొకదానికి అతికి అంటు కట్టడం మీరు చూసే ఉంటారు. లాటిన్‌లోనూ మొక్క మొగ్గను కన్ను అనే అన్నారు; అంటు కట్టడమే ఆ మాటకు మొదటి అర్థం. కాబట్టి అందులో ‘ఎన్’ ఒక్కటే.